పాలు నీలమైన రోజు

నేను ఒక పరీక్షనాళికను. వేలెడు లావు, జానెడు పొడుగు. పైన పెదవి, కింద గుండ్రటి అడుగు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే నా బతుకుతెరువు. ఎవరేం పోస్తే కాసేపు నేను అదే అయిపోతాను. మైలుతుత్తం పోస్తే నీలం, గంజి పోస్తే మసక, ఏమీ పోయకపోతే నా వెనకున్న కిటికీ. అందుకే నా జీవితం నాకొక పొడవాటి పగటికలలా తోస్తుంది. ఏ రంగు ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో అన్నీ గుర్తుండవు. ఒక్క రోజు మాత్రం చెరగలేదు. దాని గురించే చెబుతాను.

ముందు పుట్టుక. ఎక్కడో ఉత్తరాదిన, రేకుల కప్పు కింద, ఒకతను పొడవాటి గాజుగొట్టాన్ని మంట మీద పెట్టి రెండు చేతులా తిప్పుతున్నాడు. గొట్టం మధ్యలో మెత్తబడి, తేనెలా సాగి, రెండు ముక్కలైంది. అందులో ఒక ముక్క నేను. కొస ఇంకా ఎర్రగా ఉండగానే అతను రెండో కొసను నోటికి ఆనించుకుని మెల్లగా ఊదాడు. నా అడుగు బుడగలా ఉబ్బి గుండ్రంగా తిరిగింది. అతని ముఖం నేను చూడలేదు. మంటకు అవతలి వైపు ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉన్నాడు. ఆ ఊపిరి చల్లారేలోపే నన్ను గడ్డి పరిచిన పెట్టెలోకి చేర్చేశారు.

తర్వాత రైలు చప్పుడు, చీకటి, తిరుపతిలో ఒక దుకాణం అటక. అక్కడి నుంచి పీలేరు దాటి, మామిడితోటల మధ్య గతుకుల దారిలో పెట్టెలోనే ప్రయాణించి, ఎగువరాళ్ళదిన్నె అనే ఊరి హైస్కూలుకు వచ్చాను. వచ్చీ రాగానే నన్ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ బడి హెడ్మాస్టరుగారికి మేమంటే ఎంతో ప్రేమ. ఎంత ప్రేమంటే, పిల్లల చేతికి చిక్కనివ్వలేదు. ఇన్‌స్పెక్షను వచ్చినప్పుడు బయటికి తీసి, తుడిపించి, లెక్కపెట్టించి, మళ్ళీ లోపల పెట్టించేవారు. పిల్లలు బీరువా తలుపు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ ప్రయోగాలు బట్టీ పట్టేవారు. 'పరీక్షనాళికలో కొద్దిగా ఆహారపదార్థమును తీసుకొనుము' అని వాళ్ళు రాగం తీస్తుంటే నేను లోపల నిద్రపోయేదాన్ని. ఎన్నేళ్ళు అలా నిద్రపోయానో తెలియదు.

నన్ను లేపింది షంషాద్ టీచర్.

మదనపల్లె మనిషి. సైన్సు చెప్పడానికి బదిలీ మీద వచ్చి, తన తల్లితో, పది నెలల కూతురితో ఊళ్ళోనే ఇల్లు అద్దెకు తీసుకుంది. వచ్చిన వారంలోనే బీరువా తాళంచెవి అడిగింది.

"పగిలిపోతాయమ్మా," అన్నారు హెడ్మాస్టరుగారు.

"పగలకుండా ఉండాలంటే ఇనుముతో చేసుండేవాళ్ళు సార్," అందామె, చెయ్యి చాచే ఉంచి.

ఆ రోజు నుంచి నాకు రంగులు మొదలయ్యాయి. ఎనిమిదో తరగతికి ఆహారంలో ఏముంటుందో పాఠం. టీచర్ పిల్లల్ని ఇంట్లో తినేవే తెమ్మంది. ఒకరు ముద్ద అన్నం తెచ్చారు, ఒకరు రాగిసంగటి, ఒకరు ఉడకబెట్టిన గుడ్డు, ఒకరు జేబునిండా వేరుశనక్కాయలు. అన్నాన్ని నీళ్ళలో చిదిమి నాలో పోసి గోధుమరంగు అయోడిన్ ఒక చుక్క వేస్తే, తెల్లటి అడుగు నుంచి నీలం పొగలా లేచేది. వానకు ముందు కొండ మీద దిగే రంగు అది. "పిండిపదార్థం!" అని పిల్లలు అరిచేవారు. గుడ్డు తెల్లసొనలో మైలుతుత్తం, కాస్టిక్ సోడా పడితే వంగపువ్వు రంగు మెల్లగా తేలివచ్చేది. అది మాంసకృత్తుల రంగు. వేరుశనక్కాయల వంతు వచ్చేసరికి నాకు సెలవు. వాటిని కాగితం మీద నలిపి, మరకలోంచి వెలుతురు కనపడితే కొవ్వు ఉన్నట్టు. పిల్లలు ఆ కాగితాలను సూర్యుడికి ఎత్తిపట్టి గంటలు గంటలు చూసేవారు.

నాకు రుచి తెలియదు. తిండి నా దగ్గరకు రంగుగానే వస్తుంది. మనుషులు సంగటి పేదల కూడనీ, అన్నం గొప్పదనీ అనుకుంటారట. నా లోపల రెండూ ఒకే నీలం.

పరీక్ష అయ్యాక మమ్మల్ని కడిగే పని మునికుమారిది. టీచర్ ఆ పని ఆమెకే ఎందుకిచ్చిందంటే, మునికుమారి కడిగితే గాజు కిర్రుమనేది. వాళ్ళ నాయన చెంగల్రాయుడు ఊళ్ళో సగం ఇళ్ళకు పాలు పోస్తాడు. పాల క్యాన్లు తోమి తోమి ఆ పిల్ల వేళ్ళకు శుభ్రం అలవాటైపోయింది. బ్రష్షు తిప్పి, మూడుసార్లు తొలిచి, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూసేది. అప్పుడు ఆమె రెండో కన్ను నా అడుగున పెద్ద చెరువులా కనిపించేది.

ఒక రోజు పాల వంతు వచ్చింది. పాలు తేవాలంటే ఇంకెవరు, మునికుమారే. పొద్దున ఇంటి పాలు కాఫీలకు అయిపోవడంతో, నాయన సైకిలుకు తగిలించిన పెద్ద క్యానులోంచి సీసాడు వంచుకుని తెచ్చింది.

"పాలల్లో ఏముంటాయో ముందు ఊహించి చెప్పండి," అంది టీచర్.

"మాంసకృత్తులు! కొవ్వు!"

"పిండిపదార్థం?"

"ఉండదు టీచర్!"

"అయితే అయోడిన్ చుక్క వేస్తే ఏమవుతుంది?"

"నీలం కాదు టీచర్!" అందరి గొంతుల మీదా మునికుమారి గొంతే తేలింది. వాళ్ళింటి సరుకు గురించి ప్రశ్న కదా మరి.

పాలు నాలోకి దిగాయి. చల్లగా, నున్నగా, నన్ను నిండు తెలుపు చేశాయి. టీచర్ డ్రాపరు పెట్టి ఒక చుక్క వదిలింది.

ఆ చుక్క పడిన చోట నీలం విచ్చుకుంది.

మొదట దారప్పోగులా ఉంది. తర్వాత మేఘమైంది. తర్వాత నా అంచు నుంచి అంచు దాకా పాకి, పాలన్నీ సాయంకాలపు ఆకాశంలా అయిపోయాయి. నాకు ఆ నీలం తెలుసు. అన్నం నీలం, సంగటి నీలం. అది పాలల్లోకి ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు. చూడటానికి మాత్రం చాలా అందంగా ఉంది. గది అంతా నిశ్శబ్దమయ్యాక తెలిసింది, అది చూసి మురవాల్సిన రంగు కాదని.

షంషాద్ టీచర్ ముఖం నా గాజులో సాగి కనిపించింది. ఆమెకు అర్థమైంది. చెంగల్రాయుడి పాలే ఆమె కూతురూ తాగుతోంది. పెదవులు బిగుసుకున్నాయి. కానీ అప్పుడే ఆమె చూపు మునికుమారి మీద పడింది. ఆ పిల్ల ఇంకా నవ్వుముఖంతోనే ఉంది. నవ్వు తీసేయాలని ఇంకా తోచలేదు.

"ట్యూబు సరిగ్గా కడిగినట్టు లేదు," అంది టీచర్. "నిన్నటి సంగటి అంటుకుని ఉంటుంది. దీన్ని పక్కన పెడదాం."

నేను శుభ్రంగా ఉన్నాను. ఆ సంగతి నాకు తెలుసు, టీచర్‌కూ తెలుసు. 'కళ్ళు చూసిందే చెప్పండి, పుస్తకంలో ఉందని చెప్పొద్దు' అని రోజూ చెప్పే మనిషి ఆమె. ఆమె నోటి నుంచి అబద్ధం వినడం నాకదే మొదలు. దాన్ని ఆమె ఎంత మెత్తగా చెప్పిందంటే, నాకు కోపం రాలేదు.

"లేదు టీచర్," అంది మునికుమారి. "నేనే కడిగినా."

"ఒక్కోసారి పొరపాటు..."

"మూడుసార్లు కడిగినా టీచర్. ఇంకో ట్యూబులో చూస్తాం."

"బెల్లు కొట్టేస్తారమ్మా."

"ఇంకా కొట్టలేదు కదా టీచర్."

స్టాండులో నా పక్కనుండే నాళికను తీసుకుని అందరి ముందూ మళ్ళీ కడిగింది. వెలుతురుకు ఎత్తి చూసింది. ముందు బెంచీలో కూర్చున్న ద్వారకనాథ్‌కు కూడా చూపించింది. సీసాలో మిగిలిన పాలు పోసి, తన చేత్తోనే చుక్క వేసింది. మళ్ళీ అదే మేఘం.

"అంటే మీ నాయన పాలల్లో గంజి పోస్తా ఉండాడా మే?" అన్నాడు ద్వారకనాథ్. ఎగతాళికి అనలేదు. లెక్కకు జవాబు వచ్చినప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది.

మునికుమారి నన్ను స్టాండులోంచి లాగి, నా నోటికి బొటనవేలు అడ్డం పెట్టి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. "కుమారీ!" అని టీచర్ గుమ్మం దాకా వచ్చి పిలిచింది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు.

నేను ఆరుబయట ప్రపంచాన్ని చూడటం అదే మొదటిసారి. కింద నీలం పాలు ఊగుతున్నాయి, పైన ఖాళీగా మిగిలిన నాలుగు వేళ్ళ గాజులోంచి ఊరు కనిపిస్తోంది. కట్టెలకు తాళ్ళతో ఎత్తికట్టిన టమోటా మొక్కలు, వంపు తిరిగిన కొండ, ఎండ. నా మీద ఆమె నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. గాజుకు గుండె ఉంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

చెంగల్రాయుడు కొట్టంలో గేదెలకు గడ్డి వేస్తున్నాడు. రెండు ఎనుములు. పెద్దది నిండు చూలుతో నిలబడలేక పడుకుని ఉంది.

"ఏం కుమారీ, బడి అప్పుడే ఇడిచిపెట్టినారా?"

ఆమె నన్ను అతని ముఖం ముందుకు చాచింది.

"ఇదేంది?"

"మన పాలు నాయినా."

"పాలు యాడన్నా నీలంగా ఉంటాయా? ఏం మందు పోసినారు దాంట్లో?"

"అయోడిన్. అన్నంలో పోస్తే నీలమైతాది. సంగట్లో పోస్తే నీలమైతాది. పాలల్లో పోస్తే కాకూడదు నాయినా."

అతని చేతిలోని గడ్డిమోపు పరక పరకగా జారుతోంది. అతను ఏదైనా చెప్పి ఉండొచ్చు. మందు పాడైందనో, టీచరుకు తెలియదనో అనొచ్చు. అతని నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది:

"క్యాన్లో పాలు ఏమిటికి పట్టుకపోతివి? ఇంట్లోవి కదా పట్టుకపోవాల్సింది."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"పెద్ద ఎనుము ఎండిపాయ," అన్నాడు చివరికి, తొట్టి అంచు మీద కూర్చుని. "రెండోదాని పాలతో సగం క్యాను కూడా నిండలేదు. ఇండ్లు ఇడిస్తే ప్యాకెట్ పాలకు పోతారు, మళ్ళీ రారు. నీళ్ళు కలిపితే పల్చగా తెలుస్తాదని గంజి కలిపితి. ఇది ఈనేదాంకానే కదా అనుకుంటి."

"టీచర్ వాళ్ళ బిడ్డ తాగుతాది నాయినా."

"చంటిబిడ్డలుండే ఇండ్లకు కలపలేదు!" అన్నాడు గబుక్కున. "దానికి చిన్న క్యాను వేరే. మీ అమ్మ మీద ఒట్టు. ఆ మాత్రం తెలీదా నాకు?"

మనుషులు తప్పు చేసేటప్పుడు కూడా అందులో ఒక మూల ఊడ్చి ముగ్గు వేసుకుంటారు. ఆ చిన్న క్యాను చెంగల్రాయుడి ముగ్గు. అది చూపించి అతను కాస్త తేలికపడ్డాడు.

"ద్వారకా వాళ్ళ అవ్వకు?" అంది మునికుమారి.

అతను కింద జారిన గడ్డిపరకలు ఏరుతున్నాడు.

"ఆమెకు నోట్లో పండ్లు లేవు నాయినా. మూడు పూట్లా పాలన్నమే."

దాంతో అతనికి కోపం వచ్చింది. లేచి నన్ను లాక్కున్నాడు. "నువ్వు తినే కూడు యాడనుంచి వస్తాదనుకుంటివి?" అంటూ చెయ్యి పైకెత్తాడు. ఎదురుగా రాతిగోడ. ఆ ఎత్తులో నుంచి నాకు కొట్టం కప్పు, ఎనుము కళ్ళు, కదలకుండా నిలబడ్డ పిల్ల, అన్నీ మెల్లగా, నీళ్ళలో చూసినట్టు కనిపించాయి. ఆమె తప్పుకోలేదు, బతిమాలలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత దించి, నన్ను కంటి దగ్గరకు తెచ్చుకుని, లోపలి నీలాన్ని చాలాసేపు చూశాడు. తన పనిని తాను బయటి నుంచి చూడటం అతనికి అదే మొదటిసారి అనుకుంటాను.

కుడితితొట్టి పక్కన ఒలకబోసి నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

"కడిగి పెట్టు. బడిది కదా."

తెల్లారి మునికుమారి పిలవకుండానే సైకిలు క్యారియరు మీద ఎక్కి కూర్చుంది. నేను ఆమె సంచి మూతిలోంచి సగం బయటికి ఉన్నాను. హ్యాండిలుకు పెద్ద క్యాను, చిన్న క్యాను. పెద్ద క్యాను ఆ రోజు సగానికి తక్కువై, గతుకుల్లో బోలుగా మోగుతోంది.

"నువ్వేమిటికి?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఊరికే," అంది.

మొదటి ఇల్లు ద్వారకనాథ్ వాళ్ళది. వాళ్ళ అవ్వ కాంతమ్మ గిన్నె పట్టుకుని అరుగు మీద ఎప్పటిలాగే కాచుకుని ఉంది. చెంగల్రాయుడు పోశాడు.

"ఏమప్పా, సగమే పోస్తివి?"

"ఇంక ఇంతే అవ్వా. ఎనుము ఎండిపాయ." అతను సైకిలు బెల్లు మీద వేలు పెట్టి తీశాడు. "ఇన్నాళ్ళూ... గంజి కలిపి పోస్తి అవ్వా నీకు."

"తెలుసులేరా."

అతను తలెత్తాడు.

"నోట్లో పండ్లు లేవు గానీ నాలిక లేదా నాకు? పాలల్లో అన్నం వాసన వస్తా ఉంటే తెలీదా?"

"మరి అడగలేదేమవ్వా?"

"అడిగితే నువ్వు రావు. పొద్దున్నే నిలబడి నాతో నాలుగు మాటలు మాట్లాడేది ఈ ఊళ్ళో ఎవుడు?" అని కాంతమ్మవ్వ గిన్నె కొంగు కింద పెట్టుకుంది. "అయినా చేసింది మాత్రం ఎదవ పనిరా చెంగల్రాయా. రేపు పెందలాడే రా."

అన్ని ఇళ్ళూ అలా లేవు. ఒకావిడ మాట పూర్తికాకముందే తలుపు వేసేసింది. ఒకాయన నిన్నటి కాచిన పాలు తెచ్చి సైకిలు చక్రం మీద కుమ్మరించాడు. ఇంకొకాయన పకపకా నవ్వి, "అందరూ కలిపేదే కదప్పా, నీకెందుకు ఈ చెప్పుకునేది?" అన్నాడు. చెంగల్రాయుడికి ఆ నవ్వే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది. ప్రతి గుమ్మం దగ్గరా అతని గొంతు తగ్గుతోంది. ప్రతి గుమ్మం దగ్గరా కూతురు సైకిలు పట్టుకుని, నేల చూడకుండా నిలబడుతోంది.

చివర టీచర్ ఇల్లు. షంషాద్ టీచర్ బిడ్డను చంకన వేసుకుని వచ్చింది. రాత్రి నిద్రపోయిన ముఖంలా లేదు.

"మా పాపకు?" అంది. ఇంకేం అడగలేదు.

"కలపలేదమ్మా. చిన్న క్యాను వేరే పెట్టింటి."

"నమ్మాలనే ఉంది చెంగల్రాయుడన్నా. నమ్మలేకపోతున్నా."

"నమ్మొద్దు తల్లీ. మీకాడ మందు ఉండాది కదా. రోజూ చుక్క వేసి చూసినాకే తాపండి."

మునికుమారి సంచిలోంచి నన్ను తీసి టీచర్‌కు ఇచ్చింది. "కడిగి తెచ్చినా టీచర్. నిన్న కూడా కడిగింటి."

"తెలుసు కుమారీ."

"మరి ఎందుకట్ల చెప్తిరి?"

టీచర్ బిడ్డను రెండో చంకకు మార్చుకుంది. "నీ ముఖం చూసి," అంది.

ఆ రోజు క్లాసులో షంషాద్ టీచర్ నన్ను బల్ల మీద స్టాండులో నిలబెట్టి, పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టింది. "నిన్న ఈ ట్యూబు మురికిగా ఉందన్నాను. అది నిజం కాదు. ట్యూబు శుభ్రంగానే ఉంది, పరీక్ష సరిగ్గానే జరిగింది. తప్పు చెప్పింది నేను."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. టీచర్లు ఇలా కూడా మాట్లాడతారని వాళ్ళకు తెలియదు.

"అయితే పాలల్లో ఏముండె టీచర్?" అన్నారు వెనక బెంచీ నుంచి ఎవరో.

టీచర్ నోరు విప్పేలోగా మునికుమారి లేచి నిలబడింది.

"గంజి," అంది. "మేము కలిపినాం."

మేము అంది. నేను సరిగ్గానే విన్నాను. కిటికీ ఎండ నాలోంచి బల్ల మీద పడి వణుకుతోంది. ముందు బెంచీ నుంచి ద్వారకనాథ్ గొంతు వినిపించింది: "మా అవ్వకు ఎప్పుడో తెలుసంట మే. నాకే చెప్పలేదు." అతను అది అన్న తీరుకు క్లాసు ఘొల్లుమంది. మునికుమారి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ముఖం బల్ల మీద దాచుకుని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది. టీచర్ వచ్చి పక్కన కూర్చుంది. ఆ పీరియడ్‌లో ఇంక పాఠం జరగలేదు.

చెంగల్రాయుడు ఎన్నో ఇళ్ళు పోగొట్టుకున్నాడు. కొన్ని తర్వాత తిరిగి వచ్చాయి, కొన్ని ప్యాకెట్లతోనే ఉండిపోయాయి. మునికుమారి ఆ బడిలో చదివినంత కాలం నన్ను ఆమే కడిగింది. ఆ పైన ఏవేవో వేళ్ళు మారాయి. షంషాద్ టీచర్‌కు బదిలీ అయింది. ఒక ఏడాది నా పెదవి చిట్లింది. ఇప్పుడు లాబు వెనక గదిలో, పగిలిన గరాటుల మధ్య అట్టపెట్టెలో పడుకుని ఉన్నాను. మధ్యాహ్నం పూట కిటికీలోంచి కాస్త ఎండ వస్తుంది. అప్పుడు పాత రంగులు ఒకటొకటిగా నాలో తిరుగుతాయి, వంగపువ్వు రంగు, కొండ నీలం, మైలుతుత్తం. వాటి వెంట చెంగల్రాయుడూ వస్తాడు.

పాలు నీలమైన ఆ రోజు తర్వాత, అప్పుడప్పుడూ అతను పాలు పోసి వెళ్తూ లాబు కిటికీ దగ్గర సైకిలు ఆపేవాడు. చిన్న గ్లాసు చువ్వల సందులోంచి లోపలికి చాచి, "టీచరమ్మా, ఈ పొద్దువి ఒకసారి చూడండి," అనేవాడు. అక్కర్లేదని ఆమె ఎంత చెప్పినా కదిలేవాడు కాదు. సరేనని ఆమె నాలో పోసి, ఒక చుక్క వేసేది. తుండుగుడ్డ మెడలోంచి తీసి చేత్తో పట్టుకుని, మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా అతను నన్నే చూస్తుండేవాడు. చుక్క పాలల్లో కరిగి లేత గోధుమరంగుగా ఉండిపోయేది. ఇంకొంచెంసేపు చూసి, ఊపిరి వదిలి, బెల్లు మోగిస్తూ వెళ్ళిపోయేవాడు.